టీఎస్‌హెచ్ 8 ఉంటే జబ్బేనా?
థైరాయిడ్ రిపోర్టులు, మాత్రల గురించి పాఠకుల ప్రశ్నలకు వైద్య నిపుణుల జవాబులు

ఈసారి ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకే తీరు. రిపోర్టులో ఒక అంకె, దాని పక్కన బాణం గుర్తు, వెనకాల బోలెడంత కంగారు. మందగించిన థైరాయిడ్ గురించి వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మామూలు ఆరోగ్య పరీక్షల్లో టీఎస్‌హెచ్ 7.8 వచ్చింది. ఫ్రీ టీ4 మాత్రం 1.1, నార్మల్ అని ఉంది. కాస్త నీరసం తప్ప బాధలేమీ లేవు. ఒక డాక్టరు గారు వెంటనే 50 ఎంసీజీ (మైక్రోగ్రాముల) మాత్ర రాశారు. ఇంకొకరు మూడు నెలలు ఆగి చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆగమన్న సలహాకే మా ఓటు. అయితే ఒక షరతు ఉంది: మీరు గర్భం కోసం ప్రయత్నిస్తూ ఉండకూడదు. ఆ ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. వెంటనే మీ డాక్టరుకు చెప్పండి.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే తాఖీదు అది. రక్తంలో టీ4, అంటే థైరాక్సిన్, చాలడం లేదని పిట్యూటరీ పసిగడితే తాఖీదుల మీద తాఖీదులు పంపుతుంది. ఎక్కువైందనుకుంటే ఆపేస్తుంది. అందుకే ఈ అంకెను తిరగేసి చదవాలి. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ మందగించిందని, పడిపోయిందంటే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందని సాధారణంగా అర్థం.

ఇంకో సంగతి. పిట్యూటరీకి ఓపిక తక్కువ. ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే టీ4, సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ రెట్టింపుతో సరిపెట్టుకోదు, దాదాపు వంద రెట్లకు ఎగబాకుతుంది. అలాంటప్పుడు 2 ఉండాల్సింది 7.8 అయితే అసలు హార్మోన్‌లో వచ్చిన తేడా చాలా చిన్నదన్నమాట. మీ ఫ్రీ టీ4 నార్మల్‌లోనే ఉండటానికి కారణం అదే. టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగి ఫ్రీ టీ4 బాగుంటే దాన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. టీఎస్‌హెచ్ పెరిగి ఫ్రీ టీ4 కూడా తగ్గితేనే పూర్తిస్థాయి హైపోథైరాయిడిజం. ఆ రెండో రకంలో మాత్ర వేసుకోవాలా వద్దా అన్న చర్చే ఉండదు.

పెద్దవాళ్లలో టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా, ఫ్రీ టీ4 సుమారు 0.8 నుంచి 1.8 దాకా మామూలు. ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి మీ రిపోర్టులోనే అంకె పక్కన ముద్రించిన హద్దులను చూసుకోండి.

ఒకసారి 7.8 వచ్చినవాళ్లలో చాలామందికి రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే దానంతటదే దిగివస్తుంది. పెద్ద జ్వరమో మరో జబ్బో చేసి కోలుకునే రోజుల్లో టీఎస్‌హెచ్ కొద్దికాలం పెరగడం మామూలే. ఒక్కోసారి 20 దాకా కూడా వెళ్లి తిరిగొస్తుంది. అలాంటి ఒక్క అంకెను పట్టుకుని మాత్ర మొదలుపెడితే అది ఏళ్ల తరబడి కొనసాగుతుంది. అసలు అవసరమా అని అడిగే నాథుడుండడు.

కాబట్టి రెండు మూడు నెలలకు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చేయించండి. వాటితోపాటు యాంటీ టీపీఓ యాంటీబాడీల పరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అన్నది దాంతో తెలుస్తుంది. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో వివరించిన జబ్బు ఇదే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 1970లలో మొదలుపెట్టి 20 ఏళ్లు వెంటాడి చూసిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలు కూడా ఉన్న మహిళల్లో ఏటా నూటికి సుమారు నలుగురు పూర్తిస్థాయి జబ్బులోకి వెళ్లారు. టీఎస్‌హెచ్ ఒక్కటే పెరిగినవాళ్లలో ఆ సంఖ్య రెండున్నర. యాంటీబాడీలు ఉన్నాయని ఒకసారి తేలాక ఆ పరీక్షను పదేపదే చేయించకండి. ఆ అంకె 300 నుంచి 600 అయినా చికిత్సలో మార్పేమీ ఉండదు.

రెండోసారి కూడా 10 దాటితే సాధారణంగా మాత్ర మొదలుపెడతారు. నాలుగున్నరకూ పదికీ మధ్య ఉంటే మనిషిని చూసి నిర్ణయించాలి. గొంతు దగ్గర గ్రంథి ఉబ్బిందా, యాంటీబాడీలున్నాయా, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందా, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, నెలసరి ఎక్కువ కావడం లాంటి లక్షణాలున్నాయా అన్నవి చూస్తారు. లక్షణాల కోసమే మాత్ర మొదలుపెడితే గడువు పెట్టుకోండి. టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చాక మూడు నాలుగు నెలలైనా ఒంట్లో తేడా తెలియకపోతే ఆ నీరసం థైరాయిడ్ వల్ల వచ్చింది కాదు. అప్పుడు మాత్ర ఆపడం గురించి డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: పాత రిపోర్టులో టీ3, టీ4, టీఎస్‌హెచ్ అని ఉంది. కొత్త ల్యాబులో ఫ్రీ టీ3, ఫ్రీ టీ4 అన్నారు. యూనిట్లు కూడా మారాయి. రెంటినీ పోల్చుకోవడం ఎలా?

జవాబు: టీఎస్‌హెచ్‌తో ఇబ్బంది లేదు. మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లని రాసినా, లీటరుకు మిల్లీ యూనిట్లని రాసినా అంకె ఒకటే. ఫ్రీ టీ4తో జాగ్రత్త. డెసిలీటరుకు నానోగ్రాముల్లో ఉన్న అంకెను సుమారు 12.9తో గుణిస్తే లీటరుకు పికోమోల్స్ వస్తాయి. అంటే ఒక ల్యాబులో 1.1, మరో ల్యాబులో 14 రెండూ ఒకటే. ఒకటి పదమూడు రెట్లు పెరిగిందని బెంబేలు పడొద్దు.

రక్తంలోని టీ4లో దాదాపు అంతా ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. విడిగా తిరుగుతూ పని చేసేది పదివేలల్లో రెండు మూడు వంతులే. ఆ విడి భాగమే ఫ్రీ టీ4. గర్భం వచ్చినా, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడినా మోసుకెళ్లే ప్రొటీన్ పెరిగి టోటల్ టీ4 ఎక్కువ కనిపిస్తుంది. పని చేసే హార్మోన్‌లో మార్పుండదు. అందుకే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 ఈ రెండూ ఉంటే చాలు. టీ3 మరో థైరాయిడ్ హార్మోన్. మందగించిన థైరాయిడ్‌ను పట్టుకోవడానికి అది పనికిరాదు. జబ్బు బాగా ముదిరేదాకా శరీరం దాన్ని నార్మల్‌గా నిలబెట్టుకుంటుంది.

ఈ పరీక్షకు పరగడుపున వెళ్లాలన్న నియమం లేదు. కానీ టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక బాగా పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే ల్యాబులో ఇస్తే పోలిక సరిగ్గా కుదురుతుంది.

ప్రశ్న: మూడేళ్లుగా 100 ఎంసీజీ మాత్ర వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ ఒకసారి 2, ఒకసారి 11, మళ్లీ 0.3, మొన్న 9. నెలకోసారి పరీక్ష చేయిస్తున్నాను, నెలకోసారి డోసు మారుతోంది. నా థైరాయిడ్ ఎందుకిలా ఊగుతోంది?

జవాబు: ఊగుతున్నది థైరాయిడ్ కాకపోవచ్చు. చాలాసార్లు మాత్ర వేసుకునే పద్ధతి, పరీక్షల మధ్య గడువు, ఈ రెండే కారణాలు.

ముందు గడువు సంగతి. టీ4 శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. డోసు మార్చిన రెండు వారాలకు కొత్త మట్టంలో ముప్పాతిక వంతే చేరుతుంది. నాలుగో వారానికి చేరవలసినదంతా దాదాపు చేరినా, పిట్యూటరీ తన తాఖీదులను సవరించుకోవడానికి ఇంకాస్త సమయం తీసుకుంటుంది. అందుకే డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించాలి. మీరు నాలుగో వారంలో చూసి, ఇంకా దిగలేదని డోసు పెంచితే, పాత పెంపూ కొత్త పెంపూ కలిసి మరో రెండు నెలలకు 0.3 వస్తుంది. దాన్ని చూసి తగ్గిస్తే మళ్లీ 9. ఉయ్యాలను మనమే తోస్తున్నాం.

ఇక మాత్ర. వేసుకున్న థైరాక్సిన్‌లో మంచి పరిస్థితుల్లో కూడా 70 నుంచి 80 శాతమే ఒంటబడుతుంది. అదీ ఖాళీ కడుపున ఉంటేనే. పొద్దున్నే మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట పాటు ఇంకేమీ తీసుకోకూడదు. ఆ గంటలో కాఫీ, పాలు కూడా వద్దు. 'ఒక్క గుక్కే కదా' అన్న మినహాయింపు రోజూ జరిగితే అంకెలో కనిపిస్తుంది. పొద్దున్న కుదరనివాళ్లు రాత్రి చివరి భోజనం చేసిన మూడు గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోవచ్చు. ఇది కూడా అంతే బాగా పనిచేస్తుంది. ఏదో ఒక వేళ ఎంచుకుని దానికే కట్టుబడటం ముఖ్యం.

క్యాల్షియం, ఐరన్ మాత్రలు, అవి కలిసిన మల్టీవిటమిన్లు, అల్యూమినియం లేదా మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు, కడుపులో పుండుకు వాడే సుక్రాల్‌ఫేట్ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. వీటికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రల వ్యవహారం వేరు. మాత్ర కరగడానికి కావలసిన ఆమ్లాన్నే అవి తగ్గిస్తాయి కాబట్టి ఎడం పాటించినా లాభం తక్కువ. అవి రోజూ వాడక తప్పనప్పుడు థైరాక్సిన్ డోసే కొద్దిగా పెంచవలసి రావచ్చు. చిక్కల్లా ఆ గ్యాస్ మాత్రను కొన్నాళ్లు వేసుకుని, కొన్నాళ్లు మానేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడంతోనే. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ కూడా థైరాక్సిన్ అవసరాన్ని పెంచుతాయి.

మరిచిపోయిన రోజుల లెక్క కూడా వేసుకోండి. వారానికి రెండు మాత్రలు తప్పితే 700 బదులు 500 ఎంసీజీలే ఒంట్లో పడ్డాయి. రోజుకు 71 అన్నమాట. రిపోర్టు చూసిన డాక్టరు మీరు 100 వేసుకుంటున్నారనుకుని 125 రాస్తారు. ఆ తర్వాత మీరు బుద్ధిగా రోజూ వేసుకుంటే 0.3 రాక ఏమవుతుంది? పరీక్షకు వారం ముందు నుంచి మాత్రమే శ్రద్ధగా వేసుకునేవారినీ రిపోర్టు పట్టిస్తుంది. ఫ్రీ టీ4 నిండుగా ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఎత్తులోనే ఉండిపోతుంది. ఈ జోడీ కనిపిస్తే డోసు పెంచకముందు మాత్రల డబ్బా గురించి అడగాలి.

ఒక రోజు మరిచిపోతే ప్రాణం మీదికేమీ రాదు. ఒంట్లోని నిల్వలో పదో వంతు తగ్గుతుంది, అంతే. అదే రోజు గుర్తొస్తే ఖాళీ కడుపున ఉన్నప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే రెండు వేసుకోవచ్చా అన్నది మీ డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. గుండె జబ్బు లేనివారికి చాలామంది ఒప్పుకుంటారు, గుండె జబ్బున్నవారు మాత్రం ఆ పని చేయకూడదు. వారం రోజుల గళ్లున్న మాత్రల పెట్టె ఒకటి కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు.

ఇవి చెప్పినంత సులువుగా ఎవరూ నమ్మరు గానీ, చేసి చూడండి: ఒకే కంపెనీ మాత్ర, ఒకే వేళ, ఎండా తేమా తగలని చోట నిల్వ, ఎనిమిది వారాలు డోసు ముట్టుకోకుండా ఉండటం. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. మాత్ర పడ్డాక కొన్ని గంటలు ఫ్రీ టీ4 ఉబ్బి కనిపిస్తుంది. ఇంత పద్ధతిగా ఉన్నా అంకె నిలవకపోతే, లేదా కిలో బరువుకు 2 ఎంసీజీ దాటినా టీఎస్‌హెచ్ దిగకపోతే అప్పుడు పేగులు, జీర్ణాశయం మీద అనుమానం పెట్టుకోవాలి. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, జీర్ణాశయంలో చేరే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్, జీర్ణాశయపు పొర క్షీణించడం లాంటివి వెతకాలి.

టీఎస్‌హెచ్ 0.3 దగ్గర ఆగితే పెద్ద ప్రమాదం కాదు. 0.1 కంటే దిగి నెలల తరబడి అక్కడే ఉంటే మాత్రం ఊరుకోకూడదు. గుండె లయ తప్పడం, ముఖ్యంగా వయసు మళ్లిన మహిళల్లో ఎముకలు గుల్లబారడం దాని ఫలితాలు.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర నిన్నమొన్నటిదాకా సరిపోయింది. ఇప్పుడు టీఎస్‌హెచ్ 0.05, ఫ్రీ టీ4 హద్దు దాటింది. డోసు తగ్గించమంటున్నారు. కానీ నాకు దడ, చెమటలు, బరువు తగ్గడం ఏవీ లేవు. జుట్టు రాలుతోందని రెండు నెలలుగా బయోటిన్ మాత్రలు మాత్రం వాడుతున్నాను.

జవాబు: చివరి వాక్యం రాసినందుకు మెచ్చుకోవాలి, దాన్ని చాలామంది చెప్పరు. జుట్టు, గోళ్ల కోసం అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. రోజువారీ అవసరం మైక్రోగ్రాముల్లోనే. చాలా ల్యాబు యంత్రాలు పరీక్షలో బయోటిన్‌నే జిగురులా వాడతాయి. మీ రక్తంలో అది పొంగిపొర్లుతుంటే యంత్రం తికమక పడి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4ను ఎక్కువగా చూపుతుంది. అచ్చం థైరాయిడ్ ఎక్కువైనట్టే రిపోర్టు వస్తుంది. బయోటిన్ ఆపి కనీసం రెండు రోజులు, ఇంకాస్త ఆగినా మంచిదే, తర్వాత పరీక్ష మళ్లీ చేయించండి. అప్పటిదాకా డోసు మార్చవద్దని డాక్టరును కోరండి. మల్టీవిటమిన్ సీసా వెనక కూడా ఒకసారి చదవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, గుండెకు స్టెంట్ వేశారు. టీఎస్‌హెచ్ 42, ఫ్రీ టీ4 0.4. ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, రోజంతా మగతగా ఉంటున్నారు. ఇంత ఎక్కువగా ఉంటే డాక్టరు గారు 25 ఎంసీజీ మాత్రమే ఇచ్చారు. మా పిన్నికి టీఎస్‌హెచ్ 15 ఉంటేనే 100 ఇచ్చారు కదా!

జవాబు: టీఎస్‌హెచ్ అంకెను బట్టి డోసు ఇవ్వరు. బరువు, వయసు, గుండె, ఈ మూడింటిని బట్టి ఇస్తారు. గుండె బాగున్న నడివయసు మనిషికి కిలోకు 1.6 ఎంసీజీ చొప్పున పూర్తి డోసుతోనే మొదలుపెట్టవచ్చు. 60 కిలోలకు అది 96, అంటే 100 మాత్ర. నాన్నగారికి కూడా చివరికి దాదాపు అంతే అవసరం కావచ్చు. కానీ నెలల తరబడి నెమ్మదిగా కొట్టుకుంటున్న గుండెను ఒక్కసారిగా పరుగెత్తిస్తే, రక్తనాళాలు సన్నబడ్డచోట ఆక్సిజన్ చాలక ఛాతీనొప్పో, లయ తప్పడమో వస్తుంది. అందుకే 12.5 లేదా 25తో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి 12.5 లేదా 25 చొప్పున పెంచుకుంటూ పోతారు. ఆ డాక్టరు సరిగ్గానే ఇచ్చారు. మధ్యలో ఛాతీలో పట్టేసినట్టున్నా, దడ వచ్చినా, నడిస్తే ఆయాసం పెరిగినా తర్వాతి పెంపు ఆపి వెంటనే చెప్పాలి.

నీరసం, మగత రెండు మూడు వారాల్లో తేలికపడటం మొదలవుతుంది. ముఖం వాపు కొన్ని వారాల్లో తీస్తుంది. పొడిబారిన చర్మం, జుట్టు, బొంగురు గొంతు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా ఉంటే దాని సంగతి థైరాయిడ్ కుదురుకున్నాక మళ్లీ చూడాలి, కొంత దానంతటదే దిగుతుంది. స్టెంట్ ఉంది కాబట్టి గుండె డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రను మీరు సొంతంగా ఆపకండి.

మగత పెరిగి పిలిస్తే పలకకపోయినా, మాట తడబడినా, ఒళ్లు చల్లబడిపోయినా మాత్ర పనిచేసేదాకా ఎదురుచూడకండి. అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి.

ప్రశ్న: రోజూ 75 ఎంసీజీ వేసుకుంటున్నాను. నెల తప్పింది, ఇంట్లో చేసిన పరీక్షలో గర్భం అని తేలింది. డాక్టరు అపాయింట్‌మెంటు మూడు వారాల తర్వాత. బిడ్డకు హాని అని మాత్ర ఆపేయమంటున్నారు ఇంట్లో.

జవాబు: ఆపకండి. పైగా పెంచాలి. మూడు వారాలు ఆగకండి, ఈ రోజే ఫోను చేయండి.

కడుపులోని బిడ్డ థైరాయిడ్ తన అవసరాలకు చాలినంత హార్మోన్ తయారుచేసుకునేది 18 నుంచి 20 వారాల తర్వాతే. మెదడు రూపుదిద్దుకునే మొదటి సగమంతా తల్లి థైరాక్సిన్ మీదే ఆధారం. అదే సమయంలో ఈస్ట్రోజెన్ వల్ల హార్మోన్‌ను మోసే ప్రొటీన్ పెరుగుతుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ ఈ అదనపు పని చేసుకుపోతుంది. మీది చేయలేదు. అందువల్ల 4 నుంచి 6 వారాల గర్భం నుంచే అవసరం పావు వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. గర్భం అని తెలిసిన రోజు నుంచే వారానికి రెండు మాత్రలు అదనంగా, అంటే 7 బదులు 9 వేసుకోవడం వైద్యులు పాటించే తేలికైన పద్ధతి. ఉదాహరణకు సోమ, గురువారాల్లో రెండేసి. ఫోనులో డాక్టరు సరేనంటే అలాగే మొదలుపెట్టి, ఆ వారంలోనే టీఎస్‌హెచ్ చేయించండి.

ఆ తర్వాత గర్భం సగానికి వచ్చేదాకా నాలుగు వారాలకోసారి, 30వ వారం దగ్గర ఇంకోసారి పరీక్ష ఉండాలి. మీలా మాత్ర వాడేవారిలో టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలన్నది లక్ష్యం. మొదటి మూడు నెలల్లో అది 0.2కు దిగినా కంగారుపడి డోసు తగ్గించుకోకండి. గర్భంలో పెరిగే హెచ్‌సీజీ హార్మోన్ కూడా థైరాయిడ్‌ను ప్రేరేపించి టీఎస్‌హెచ్‌ను కిందికి లాగుతుంది. ఫ్రీ టీ4 చూసి డాక్టరే తేలుస్తారు. ఈ నెలల్లో ఐరన్, క్యాల్షియం తప్పనిసరిగా ఇస్తారు కదా, పైన చెప్పిన నాలుగు గంటల ఎడం ఇక్కడే అందరూ తప్పుతారు. థైరాక్సిన్ తెల్లవారుజామున, ఐరన్ మధ్యాహ్నం, క్యాల్షియం రాత్రి అని గోడ మీద రాసి పెట్టుకోండి. కాన్పయ్యాక మళ్లీ పాత డోసుకు వచ్చి ఆరు వారాలకు పరీక్ష. బిడ్డకు పాలిస్తూ నిక్షేపంగా వేసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మమ్మకు 82 ఏళ్లు. టీఎస్‌హెచ్ 6.4, ఫ్రీ టీ4 నార్మల్. మాత్ర మొదలుపెట్టమంటారా?

జవాబు: వద్దు. ఆ వయసులో 7 దాకా ఉండటం ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. ల్యాబు హద్దులు మాత్రం యువతకూ వృద్ధులకూ ఒకటే ముద్రిస్తారు. 65 దాటి, స్వల్పంగా టీఎస్‌హెచ్ పెరిగిన 737 మందికి థైరాక్సిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పరిశోధన 2017లో వెలువడింది. నీరసంలో గానీ ఇతర లక్షణాల్లో గానీ తేడా రాలేదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూడండి.

ప్రశ్న: ఏడాదిగా మాత్ర వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ 2.1. అయినా అలసట పోలేదు, 14 కిలోలు పెరిగిన బరువు తగ్గలేదు. టీ3 మాత్ర కలిపితే తగ్గుతుందా?

జవాబు: 14 కిలోలను థైరాయిడ్ ఖాతాలో వేయలేం. మందగించిన థైరాయిడ్ వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. మాత్ర కుదిరాక ఆ మేరకు తగ్గుతుంది, మిగతాది వేరే దారిలో తగ్గించుకోవాలి. బరువు కోసం డోసు పెంచుకుంటే కొవ్వుతోపాటు కండ, ఎముక కరుగుతాయి, గుండె లయ తప్పుతుంది.

అలసటకు ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వ), బీ12, చక్కెర చూపించుకోండి. హషిమోటో ఉన్నవారిలో బీ12 లోపం తెచ్చే మరో ఆటో ఇమ్యూన్ జబ్బు తోడుగా ఉండటం అరుదేమీ కాదు. గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష అవసరం. మనసు కుంగి ఉండటం కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది. శరీరం తనకు కావలసిన టీ3ని టీ4 నుంచే చేసుకుంటుంది. రెండూ కలిపి ఇచ్చి చూసిన పరిశోధనల్లో ఎక్కువ వాటిలో స్పష్టమైన మేలు కనిపించలేదు. మిగతా కారణాలన్నీ తోసిపుచ్చాక, హార్మోన్ నిపుణుల పర్యవేక్షణలో కొద్ది నెలలు ప్రయత్నించడం వరకు సమంజసం. గర్భం ఆలోచన ఉన్నవారికి అదీ వద్దు.

ప్రశ్న: క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానేయాలా?

జవాబు: అక్కర్లేదు. ఉడికించి మామూలు మోతాదులో తింటే వాటితో ఏమీ కాదు. అనుమానించాల్సింది అయోడిన్ ఎక్కువగా ఉన్న సముద్రపు నాచు మాత్రలను. హషిమోటో ఉన్నవారిలో అవి థైరాయిడ్‌ను ఇంకా మందగింపజేయగలవు.

ప్రశ్న: నా చెల్లెలికి ఏడాదిన్నర క్రితం కాన్పులో చాలా రక్తం పోయింది. పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఫ్రీ టీ4 0.5 వచ్చింది, కానీ టీఎస్‌హెచ్ 1.9. టీఎస్‌హెచ్ నార్మల్ కాబట్టి థైరాయిడ్ లేదన్నారు.

జవాబు: ఈ ఉత్తరం మిగతావాటిలాంటిది కాదు. మీ చెల్లెలిని ఈ వారంలోనే హార్మోన్ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఫ్రీ టీ4 ఇంత తక్కువగా ఉంటే పిట్యూటరీ గగ్గోలు పెట్టాలి, టీఎస్‌హెచ్ 30, 40 దాటాలి. 1.9 దగ్గర ఊరుకుందంటే తాఖీదు పంపే కచేరీకే ఏదో అయిందని అర్థం. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయిస్తే ఈ జబ్బు పూర్తిగా చేజారిపోతుంది. గర్భంలో పిట్యూటరీ ఉబ్బుతుంది. కాన్పులో రక్తం బాగా పోయి బీపీ పడిపోతే దానికి రక్తం అందక కొంత భాగం చచ్చిపోతుంది. హెరాల్డ్ షీహన్ అనే పాథాలజిస్టు 1937లో దీన్ని వివరించారు కాబట్టి షీహన్ సిండ్రోమ్ అంటారు. పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం దాని ఆనవాళ్లు. ఇంకా పూర్తిగా తేలాల్సి ఉన్నా, మీరు రాసినవన్నీ అటే చూపుతున్నాయి.

బీపీని నిలబెట్టే కార్టిసాల్ హార్మోన్ కూడా పిట్యూటరీ తాఖీదుతోనే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. అందుకే ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష, దాంతోపాటు సోడియం, పిట్యూటరీ చేసే ఇతర హార్మోన్లు ప్రొలాక్టిన్, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, పిట్యూటరీకి ఎంఆర్ఐ చేయిస్తారు. ఇక్కడ వరుస తప్పకూడదు. కార్టిసాల్ తక్కువగా ఉందేమో చూడకుండా ఎవరూ థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకూడదు. థైరాక్సిన్ ఒంట్లోని కార్టిసాల్‌ను వేగంగా ఖర్చు చేయిస్తుంది. ఉన్న కాస్తా అయిపోతే బీపీ పడిపోయి ప్రాణాపాయం వస్తుంది. కార్టిసాల్ తక్కువని తేలితే ముందు ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిజోన్ మందు, ఆ తర్వాతే థైరాక్సిన్. ఈలోగా వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, స్పృహ తప్పడం లాంటివి వస్తే నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, కాన్పులో జరిగిన రక్తస్రావం గురించి మొదటి మాటగా చెప్పండి.

మాత్ర మొదలయ్యాక కూడా ఆమె విషయంలో టీఎస్‌హెచ్ చూసి డోసు మార్చకూడదు. అది తక్కువగానే ఉంటుంది, అలాగే ఉండనివ్వాలి. ఫ్రీ టీ4 నార్మల్ హద్దుల్లో పై సగంలో ఉందా లేదా అన్నదే కొలత. కొత్త డాక్టరు దగ్గరికో కొత్త ల్యాబుకో వెళ్లినప్పుడు 'టీఎస్‌హెచ్ తక్కువ, మాత్ర తగ్గించండి' అనే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, జబ్బు పేరు రాసిన కాగితం ఆమె పర్సులో ఉండాలి.